టేపు వేసిన బిల్లులు

శ్యామలమ్మ టిఫిన్ డబ్బా మూత నొక్కి సంచిలో పెట్టేసరికి పర్వతాలు అద్దం ముందు నిలబడి చొక్కా పై గుండీ పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. అప్పటికది మూడోసారి. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా ఆ మనిషి అద్దం ముందు అంతసేపు నిలబడగా ఆమె ఎన్నడూ చూడలేదు.

“ఇయ్యాల తేలిపోతదా?” అని అడిగింది.

“అయిదింటికల్ల తేలుతది. మూడు నెలల బిల్లులు ఒక్కటి సుత తప్పిపోకుండ కంప్యూటర్ల ఎక్కినయనుకో, ఆ కుర్సీ నాదే. ఓంప్రకాశ్ సార్ మాటిచ్చిండు.”

“ఎక్కకపోతే?”

“ఎందుకెక్కయి? నేను పెట్టిన బిల్లులాయె,” అన్నాడు పర్వతాలు. గుండీ సంగతి అంతటితో వదిలేసి సంచి అందుకున్నాడు.

అతనికి యాభై నాలుగేళ్ళు. పొట్టి మనిషి, భుజాలు కాస్త ముందుకి వంగి ఉంటాయి. నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, ఒక కమ్మీకి దారం చుట్టిన కళ్ళజోడు, ఎండైనా వానైనా పొడుగు చేతుల చొక్కా. కుడిచేతి చూపుడువేలి కొస మీద పసుపుపచ్చని గట్టి పొర ఒకటి ఉంటుంది. కొత్తగా చూసినవాళ్ళు కాయ కాసిందనుకుంటారు. అది జిగురు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే వేలితో జిగురు రాసి రాసి, రాయి పెట్టి రుద్దినా పోనంతగా పేరుకుపోయింది. వేడన్నం కలిపేటప్పుడు మిగతా నాలుగు వేళ్ళూ చుర్రుమంటాయి కానీ ఆ వేలికి ఏమీ తెలియదు.

రాణిగంజ్‌లో ఒక పంపుల కంపెనీ బ్రాంచి ఆఫీసులో అతను టూరు బిల్లుల క్లర్కు. పంపులు బిగించడానికీ, చెడితే బాగుచేయడానికీ, కొత్తవి అమ్మడానికీ ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళు నెలనెలా ఒక కవరు పంపుతారు. అందులో రైలు టికెట్లు, లాడ్జి రశీదులు, భోజనం బిల్లులు నలిగి, చెమటకి తడిసి, సాంబారు మరకలతో ఉంటాయి. వాటిని వరసగా కాగితాల మీద అతికించి, సరిచూసి, చివర ఎర్ర సిరాతో టిక్కు పెట్టాలి. ఆ టిక్కు పడితేనే తిరిగినవాడి చేతికి డబ్బొస్తుంది. చెప్పుకోవడానికి అంతకంటే ఏమీ లేని ఉద్యోగం. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఏం చేస్తావని అడిగితే “ఆఫీసుల” అని ఊరుకునేవాడు.

కంపెనీ ఖర్చు మీద తను ఒక్క ఊరు కూడా వెళ్ళలేదు. సొంత ఖర్చు మీద చూసింది యాదగిరిగుట్ట, వేములవాడ, ఒకసారి పెళ్ళికి నిజామాబాదు. అయినా రాయగడలో స్టేషన్ ఎదుటి లాడ్జిలో బక్కెట్టు వేన్నీళ్ళకి అయిదు రూపాయలు వేరే కట్టాలని అతనికి తెలుసు. భిలాయిలో చలికాలం ఆటో ఎంత అడుగుతుందో తెలుసు. దొంగ బిల్లు వస్తే వాసనకే పట్టేసేవాడు. పట్టుకుని రాద్ధాంతం చేసేవాడు కాదు. ఆ బిల్లుని పక్కకి తీసి, కవర్లో పెట్టి, పంపినవాడికే తిప్పి పంపేవాడు. మాట బయటికి పొక్కేది కాదు. ఒక్క తప్పుడు కాగితం మీద కూడా తన టిక్కు లేదన్నది అతనికున్న ఒకే ఒక్క గర్వం. ఆ గర్వాన్ని ఎక్కడ ప్రదర్శించాలో పాపం అతనికి తెలియదు, ఎవరూ అడగనూ లేదు.

బిల్లుల్లోంచే అతనికి మనుషులు తెలిసేవారు. విజయనగరం వైపు నుంచి వచ్చిన పైడిబాబు అనే మెకానిక్కు రెండేళ్ళుగా రాయగడ చుట్టుపక్కల గనుల్లో పంపులు చూస్తున్నాడు. పర్వతాలు అతన్ని చూసింది రెండుసార్లే. కానీ ఆ కుర్రాడు మొన్న వేసవి నుంచి రాత్రిపూట భోజనం మానేసి రొట్టె, అరటిపళ్ళతో సరిపెడుతున్నాడని తెలుసు. జులైలో జ్వరం పడ్డాడని తెలుసు. నాలుగు రోజులు వరసగా లాడ్జి క్యాంటీను బిల్లుల్లో కొబ్బరినీళ్ళూ, బార్లీ తప్ప ఏమీ లేవు. అయిదోరోజు రెండు ఇడ్లీ బిల్లు కనబడితే, హమ్మయ్య అనుకుని ఆ బిల్లు మీద చెయ్యి ఒకసారి వేసి తీశాడు.

ఆ వేసవిలోనే ముంబైలో హెడ్డాఫీసు వాళ్ళు ఒక సంగతి తేల్చేశారు. ఇకమీదట టికెట్లు కంప్యూటర్లోనే కొంటారు. బిల్లులు ఎవరివి వాళ్ళే ఉన్న ఊళ్ళోంచే కంప్యూటర్లో ఎక్కించుకుంటారు. డబ్బు నేరుగా బ్యాంకులో పడుతుంది. మధ్యలో అతికించేవాడితో పని లేదు. ఒక్క జులై, ఆగస్టు, సెప్టెంబరు బిల్లుల్ని మాత్రం బ్రాంచిలో స్కాన్ చేసి ఎక్కించాలి. ఆ తరవాత సరిచూసే కుర్చీ ఒక్కటి సికింద్రాబాదులో మిగులుతుంది. మిగతావాళ్ళకి సెలవు.

చిరిగినవీ, మరకలు పడినవీ కంప్యూటరు తీసుకోదని సర్క్యులర్లో రాశారు. ఆ ఏడు వానలు దంచికొట్టాయి. ఆఫీసు పైకప్పు పర్వతాలు బీరువా మీదే కారేది. దాంతో అతనికి నిద్ర కరువైంది. మోండా మార్కెట్లో వెడల్పాటి టేపు చుట్టలు సొంత డబ్బుతో కొనుక్కొచ్చి, వచ్చిన ప్రతి బిల్లుకీ ముఖం మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, బుడగ లేకుండా, ముడత లేకుండా టేపు వేశాడు. ఒక్క కొసా తడవలేదు. మూడు నెలలు సాయంత్రాలు ఆ పనే. పసిపిల్లలకి దుప్పటి కప్పినట్టు కప్పాడు.

ఎనిమిదిన్నరకి అల్వాల్‌లో బొల్లారం లోకల్ ఎక్కాడు. సికింద్రాబాదులో దిగి నడక పట్టాడు. రాణిగంజ్ మలుపు దగ్గర ఏటీఎం ముందు స్టూలు మీద నీలం యూనిఫాంలో పద్మనాభం కూర్చుని ఉన్నాడు. మొన్న వేసవి దాకా అతను కంపెనీ టికెట్ల మనిషి. ఇరవై ఏళ్ళు తెల్లవారుజామునే రిజర్వేషన్ కౌంటర్లో నిలబడి, ఎవరికి కింది బెర్తు కావాలో, ఎవరికి కిటికీ కావాలో గుర్తుపెట్టుకుని టికెట్లు తెచ్చేవాడు. టికెట్లు కంప్యూటర్లో రావడం మొదలుకాగానే అతని వరస అయిపోయింది.

“ఏం పర్వతాలన్నా, మంచిదేనా?” అన్నాడు పద్మనాభం. ఇంతలో కారు దిగి ఎవరో పాతికేళ్ళ పిల్లవాడు వస్తుంటే లేచి, సెల్యూట్ కొట్టి, తలుపు తెరిచాడు. కూర్చుని మళ్ళీ మాట కలుపుదామని చూసేసరికి పర్వతాలు నాలుగడుగులు ముందుకి వెళ్ళిపోయాడు. ఆ సెల్యూట్ చూడటం అతని వల్ల కాలేదు. తను ఇంటర్ తప్పిన మనిషి, ఇంగ్లీషు చదవడమే తప్ప మాట్లాడటం రాదు, జిగురు రాయడం తప్ప ఇంకో పని తెలియదు. ఆ కుర్చీ పోతే తనకి మిగిలేది ఆ స్టూలే. అదీ దొరికితే.

ఆఫీసులో అప్పటికే హిమజ వచ్చి కూర్చుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళ తరఫున వారం రోజులుగా వస్తున్న అమ్మాయి, మల్కాజ్‌గిరిలో ఉంటుంది. పర్వతాలు బల్ల మీద సగం జాగాలో స్కానరు, ఆమె లాప్‌టాప్ పెట్టుకుంది. ఊడ్చే రోసమ్మ రెండు గ్లాసుల చాయ్ తెచ్చి పెట్టి వెళ్ళింది.

“ఫస్ట్ సెప్టెంబర్ చేసేద్దాం అంకుల్. తర్వాత వెనక్కి పోదాం,” అంది హిమజ.

సెప్టెంబరు పన్నెండింటికి అయిపోయింది. అచ్చు కొంచెం లేతగా ఉందని ఆ పిల్ల ఒకటి రెండుసార్లు అంది కానీ అన్నీ ఎక్కాయి. ఒక్కో బిల్లు ఎక్కినప్పుడల్లా తెర మీద ఆకుపచ్చ గుర్తు వచ్చేది. తన ఎర్ర టిక్కుకంటే అదే బాగుందని పర్వతాలు మనసులో ఒప్పుకున్నాడు కూడా.

ఆగస్టు ఫైలు విప్పారు. మొదటి కాగితం మీద ఆరు బిల్లులు ఉండాలి. ఆరూ ఉన్నాయి. నున్నగా, మెరుస్తూ, టేపు కింద తెల్లగా. వాటి మీద అక్షరం లేదు.

పర్వతాలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కాగితం ఎత్తి కిటికీకి ఎదురుగా పట్టాడు. ఏటవాలుగా చూస్తే ఎక్కడో ఒక గీత, ఒక అంకె తోక ఉన్నట్టే ఉండి పోతున్నాయి. రెండో కాగితం తిప్పాడు. చేత్తో రాసిన రశీదులు రెండు భేషుగ్గా ఉన్నాయి, మెషిన్ బిల్లులు తెల్లగా ఉన్నాయి. మూడోది తిప్పాడు. జులై ఫైలు లాగి తాడు విప్పాడు. అది ఇంకా ఘోరం.

“ఇదేందమ్మా గిట్లయింది? నేను జూసి పెట్టిన. నా కళ్ళతోని జూసి పెట్టిన.”

హిమజ ఒక బిల్లు గోటితో గీకి చూసింది. “టేపు వేశారా అంకుల్? అయ్యో! మెషిన్ బిల్లుకి ఇంకు ఉండదు. ఆ కాగితమే వేడికి నల్లబడి అక్షరాలు వస్తాయి. టేపు జిగురు తగిలితే మెల్లమెల్లగా పోతాయి. అసలేం వేయకుండా వదిలేసినా ఉండేవి.”

వదిలేసినా ఉండేవి. ఆ మాట అతని చెవిలోంచి లోపలికి దిగడానికి కాస్త టైము పట్టింది. వాన నుంచి కాపాడానని, ఎలుక నుంచి కాపాడానని మురిసిపోతూ కూర్చున్నాడు. ఒక్కొక్కటే తన చేతులతో తనే తుడిచిపెట్టుకున్నాడు. మొత్తం లెక్క చూస్తే నూట నలభై మూడు పోయాయి. అందులో సగం పైడిబాబువే.

ఓంప్రకాశ్ గది దగ్గరికి వెళ్ళాడు. బ్రాంచి మేనేజరు ఫోన్లో ఉన్నాడు, తలుపు అద్దంలోంచి చూసి ఆగమని చెయ్యి చూపించాడు. పర్వతాలు పది నిమిషాలు నిలబడ్డాడు. ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. వెనక్కి వచ్చేశాడు.

“కోరా కాగితాలమ్మా, ఎక్కలే అంటే ఊకుంటరా వాళ్ళు? జెర ఏదన్న ఉపాయం చెప్పు బిడ్డా,” అన్నాడు.

“నేనేం చేస్తా అంకుల్? ఖాళీగా ఉంటే సాఫ్ట్‌వేర్ తీసుకోదు. దాని మీద ఏదో ఒకటి కనబడాలి కదా,” అంది ఆ పిల్ల. ఆమెకీ జాలిగానే ఉంది. కానీ ఆకలి కూడా వేస్తోంది. ప్యారడైజ్ దగ్గర ఫ్రెండు కాచుకుని ఉందని చెప్పి పర్సు తీసుకుని వెళ్ళిపోయింది.

ఏదో ఒకటి కనబడాలి. పర్వతాలు ఆ తెల్ల బిల్లుల వంక చూస్తూ కూర్చున్నాడు. టూరు స్టేట్‌మెంట్లో రోజుకి మొత్తం ఎంతో ఉంటుంది, దేనికెంతో ఉండదు. దేనికెంతో ఎక్కడుందంటే, తన తలలో ఉంది. తను చూసింది, కూడింది, చెయ్యి వేసి తీసింది. బాల్‌పెన్ను తీసి ఒకదాని మీద రాయబోతే టేపు మీద జారిపోయింది. హిమజ లాప్‌టాప్ పక్కన సీడీల మీద రాసే నల్ల పెన్ను ఉంది. తీసుకున్నాడు.

అడక్కుండా ఒకరి పెన్ను ముట్టుకోవడం అతనికి అదే మొదలు.

ముత్యాల్లాంటి రాత అంటారే, అలాంటిది అతని చేతిరాత. హోటలు పేరు, ఊరు, తేదీ, తిన్నది, ఇచ్చింది. జులై పద్నాలుగు రాయగడ, ఆ రోజు వాన, పైడిబాబు సైటు నుంచి రాలేకపోయాడు, రెండు టీలు, ఒక బన్ను. జులై ఇరవై, జ్వరం మొదటి రోజు, కొబ్బరిబోండాలు రెండు. రాస్తుంటే ఆ నెలంతా మళ్ళీ కళ్ళ ముందుకి వచ్చి నిలబడింది. డబ్బా తెరవలేదు. చెమట కళ్ళజోడు మీద పడుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ రాశాడు. నాలుగు బిల్లుల దగ్గర ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ రోజు మొత్తానికి సరిపోయేలా ఏ అంకె వేసినా అడిగే నాథుడు లేడు. అయినా వేయలేదు. ఆ నాలుగింటినీ అలాగే తెల్లగా పక్కన పెట్టాడు.

మూడింటికి హిమజ వచ్చి చూసి నిలబడిపోయింది. “ఇవి మీరు రాశారా అంకుల్?”

“ఉన్నదే రాసినమ్మా. లేంది ఒక్కటి రాయలే.”

ఆమె గడియారం వంక చూసింది, ఫైళ్ళ వంక చూసింది. అయిదింటికి అన్నీ ఎక్కాయని ఆమె కూడా ఎవరికో జవాబు చెప్పుకోవాలి. మొదటి కాగితం స్కానర్లో పెట్టింది. ఆకుపచ్చ గుర్తు వచ్చింది. రెండోదానికీ వచ్చింది. నాలుగు తక్కువగా అన్నీ ఎక్కేసరికి నాలుగుంబావు. ఆ నాలుగింటి సంగతి సార్‌కి తనే చెప్పుకుంటే సరిపోతుందనుకున్నాడు.

పర్వతాలు కిందికి దిగి కాయిన్‌బాక్సులో రూపాయి వేసి ఇంటికి ఫోన్ చేశాడు.

“అయిపోయింది శ్యామలా. ఎక్కినయి.”

“నిజంగనా? ఏమన్న తీపి చేయన్నా?”

“సేమ్యా చెయ్. పాలు ఎక్కువ పొయ్యి,” అన్నాడు. ఎన్నాళ్ళయిందో అంత గట్టిగా మాట్లాడి. పక్కన జిరాక్సు షాపువాడు కూడా తిరిగి చూశాడు.

అయిదుకి పది నిమిషాలుండగా ఓంప్రకాశ్ పిలిపించాడు. గదిలో హిమజ తల దించుకుని నిలబడి ఉంది. బల్ల మీద ఫోను స్పీకరులో పెట్టి ఉంది. ముంబై నుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో చాలా మర్యాదగా మాట్లాడుతోంది. ఆరు ఊళ్ళ హోటళ్ళు, తొమ్మిది లాడ్జీలు, అన్నిటిమీదా ఒకే చేతిరాత, ఒకే పెన్ను అంటోంది. మాటలన్నీ అందలేదు కానీ సంగతి పర్వతాలుకి అందింది.

“సార్, అచ్చు పోయింది. బ్లాంక్‌గా ఉండటం నేను చూశాను,” అంది హిమజ.

పోకముందు ఏముందో చూశావా అని అడిగింది ఫోను. లేదంది హిమజ. ఆ పిల్ల అబద్ధం ఆడలేదు.

“ఎందుకు రాసినవ్ పర్వతాలూ?” అన్నాడు ఓంప్రకాశ్. “నాకొక్క మాట చెప్పొద్దా?”

“వచ్చిన సార్. మీరు ఫోన్ల ఉన్నరు.” ఆగి, మళ్ళీ అన్నాడు. “పైడిబాబును అడగండి సార్. తిన్నోడాయనే గదా. ఆయన చెప్తడు.”

అదే లైన్లోకి పైడిబాబుని కలిపారు. వెనక ఎక్కడో మోటారు హోరు వినిపిస్తోంది. జులై, ఆగస్టు బిల్లులు చేత్తో రాసినవి ఇచ్చావా అని అడిగాడు ఓంప్రకాశ్.

“లేదండి. నానిచ్చినవన్నీ మిసను బిల్లులేనండి. సేత్తో రాసింది ఒక్కటీ ఇవ్వలేదండి.”

“మరి ఇవెవరు రాసిండ్రు?”

“ఎవులు రాసారో నాకేటి తెల్దండి.”

“జులై పద్నాలుగున ఏం తిన్నవ్, గుర్తుందా?”

“మూడు నెల్ల కిందట తిన్నది ఎవులికి గుర్తుంటాదండి బాబూ?” పైడిబాబు గొంతు బెదిరింది. “ఏటయిందండి? నా ఉజ్జోగానికేటీ కాదు గదండి?”

పర్వతాలు ఫోను వైపు వంగాడు. పైడీ, ఆ రోజు వాన, రెండు టీలు తాగినవ్, బన్ను తిన్నవ్, అని చెబుదామనుకున్నాడు. పెదవులు కదిలాయి కూడా. ఈలోపు లైను కట్ చేశారు. ఆ కుర్రాడి మీద అతనికి కోపం రాలేదు. ఉన్నమాటే చెప్పాడు, భయపడ్డాడు, భయపడడా మరి. కానీ వాడు తిన్న ప్రతి ముద్దా తనకి గుర్తుంటే, వాడికే గుర్తు లేదన్న సంగతి గుండెలో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

హిమజని పంపించేసి ఓంప్రకాశ్ తలుపు వేశాడు. తరవాత ప్రింటర్లోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టాడు.

“పోలీసులకిస్తమంటున్నరు. నేను బతిమాలిన. రాజీనామా చేస్తే ఊకుంటరట. నాకెరుకే భై నీ సంగతి. కానీ నాకు సుత ఒక కుర్సీ ఉంది గదా.”

కాగితం ఇంగ్లీషులో ఉంది. పర్వతాలు ఒక్కొక్క మాట మీదా వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. బిల్లులు కల్పించి రాశానని నేనే ఒప్పుకుంటున్నాను అని ఉంది.

“రాసిన మాట నిజం సార్. కల్పించలే. గా ఒక్క మాట తీసేయండ్రి.”

“వాళ్ళు పంపిన మాట. మార్చనియ్యరు.”

“మరి పైడిబాబు పైసలు?”

“ఆపేసిండ్రు.”

అప్పటిదాకా అణుచుకున్నదంతా ఒక్కసారి పొంగింది. పర్వతాలు రెండు చేతులూ జోడించాడు. “నన్ను తీసెయ్యండి సార్. నా తప్పు. ఆయన పైసలు ఆపకండ్రి. ఆ పిలగాడు రొట్టె ముక్క తిని దినాలు గడిపిండు సార్. జ్వరంల సుత పని చేసిండు. మీ కాళ్ళు మొక్కుత.”

“అది నా చేతుల లేదు,” అన్నాడు ఓంప్రకాశ్ కిటికీ వైపు చూస్తూ.

పర్వతాలు వంగి సంతకం చేశాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో అతను సరేనన్న మొదటి తప్పుడు కాగితం అది.

తన బల్ల దగ్గరికి వచ్చి ఫైళ్ళకి తాళ్ళు కట్టాడు. బీరువా తాళంచెవి హిమజ ముందు పెట్టాడు. ఆమె ఏదో అంటోంది, సారీ అంకుల్ అనో, నేను మళ్ళీ మాట్లాడతా అనో. అతను తల ఊపాడు. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం రాణిగంజ్ నుంచి స్టేషన్ దాకా జనం, బస్సులు, పొగ. అంత రద్దీలో అతన్ని ఎవరూ పరకాయించి చూడలేదు. ఏటీఎం దగ్గరికి వచ్చేసరికి మాత్రం రోడ్డు దాటి అవతలి వైపు నుంచి నడిచాడు. ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలి అన్న దగ్గరే అతని ఆలోచన ఆగిపోయింది. సేమ్యా చెయ్యమని చెప్పాడు. పాలు ఎక్కువ పొయ్యమని కూడా చెప్పాడు.

ఆరున్నర లోకల్లో కిటికీ దగ్గర చోటు దొరికింది. మల్కాజ్‌గిరిలో జనం దిగారు, సఫిల్‌గూడలో దిగారు, అమ్ముగూడలో పెట్టె సగం ఖాళీ అయింది. అల్వాల్‌లో రోజూ కలిసి దిగే ఇద్దరు ముగ్గురు, కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్న మనిషిని చూసి, అలసిపోయాడు కాబోలు, బొల్లారంలో పని ఉందేమో అనుకుని దిగిపోయారు. రైలు బొల్లారం చేరి ఆగింది. పెట్టెలు చూసుకుంటూ వచ్చిన రైల్వే మనిషి భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు. ఆ తరవాత ప్లాట్‌ఫారం వైపు తిరిగి ఎవరినో పిలిచాడు.

గుండె ఆగిందన్నారు డాక్టర్లు. కబురు అందగానే శ్యామలమ్మ పొయ్యి ఆర్పి, పక్కింటామెని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. సంచి, కళ్ళజోడు, జేబులో ఉన్నవీ లెక్కపెట్టి చేతికిచ్చి, రైల్వే మనిషి కాస్త తటపటాయించాడు.

“చెప్పులు దొరకలేదమ్మా. పెట్టె అంతా దేవులాడినం. ఎవలన్న ఎత్కపోయిండ్రేమో.”

“ఎత్కపోయేటంత మంచివి కావవి,” అంది శ్యామలమ్మ. అతని పాదాలు చూసింది. మడమల దాకా రోడ్డు దుమ్ము పట్టి, కుడి బొటనవేలు చిట్లి నెత్తురు గడ్డకట్టి ఉంది. “ఇంత దూరం ఒట్టి కాళ్ళతోని నడిచినవా? నొప్పి తెలువలేదా నీకు?” అని అడిగి, అప్పుడు ఏడ్చింది.

మర్నాడు ఆఫీసులో సంగతి తెలిసేసరికి పదయింది. హిమజ లాప్‌టాప్ తెరిచి, తెరిచినట్టే వదిలేసి, మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. బల్ల సాయంత్రానికల్లా తీసేస్తారని ఓంప్రకాశ్ చెప్పడంతో రోసమ్మ చీపురు తీసుకుని వచ్చి, కుర్చీ వెనక్కి జరిపి, బల్ల కిందికి వంగింది.

వంగి అలాగే ఉండిపోయింది. కూర్చోగానే విప్పేసుకునేవాళ్ళు ఎలా విప్పుతారో అలా, పక్కపక్కన ఒద్దికగా, గోడ వైపు ముఖం పెట్టి, బొటనవేలి దగ్గర తెల్లదారంతో కుట్టించిన ఒక జత తోలు చెప్పులు.